ప్రసూన ఆడి చూసిన ఆటలు

డార్విన్‌లో, నైట్‌క్లిఫ్ సముద్రపు ఒడ్డుకి కాస్త ఇవతల, సినిమా క్యాసెట్లు అద్దెకిచ్చే మనోలిస్ వీడియో షాపు ఉండేది. కౌంటరు వెనక ఒక చెక్కపెట్టె. జ్ఞానప్రసూన కూర్చునేది దాని మీదే. కుర్చీ కొంటానని మనోలిస్ అంటూనే ఉండేవాడు గానీ చాలాకాలం కొనలేదు. ఆ పెట్టె నిండా టీవీకి తగిలించుకుని ఆడుకునే ఆటలున్నాయి. ఎవరికీ అక్కర్లేని ఆటలు.

ప్రసూనది నర్సాపురం. తొమ్మిదో తరగతి మధ్యలో తల్లికి జబ్బుచేస్తే బడి మానేసి వంటింట్లోకి వెళ్లింది, మళ్లీ బడి మొహం చూడలేదు. పెళ్లయ్యాక భర్త ఎలియాజర్ వెంట డార్విన్ వచ్చింది. అతను ఆసుపత్రిలో ఆపరేషన్ సామాను శుభ్రం చేసే విభాగంలో పనిచేసేవాడు. పగలంతా ఫ్యాను వంక చూస్తూ కూర్చోలేక, షాపు అద్దం మీద మనిషి కావాలన్న కాగితం కనబడితే ఒకరోజు లోపలికి వెళ్లింది. వెళ్లాక ఏమనాలో తోచక ఆ కాగితం వైపు వేలు చూపించింది. అంతకు ముందున్న అమ్మాయి వాగుడుతో తల వాచిపోయి ఉన్నాడేమో, మనోలిస్ వెంటనే పనిలోకి రమ్మన్నాడు.

మనోలిస్ గ్రీకువాడు. తండ్రి కాలిమ్నోస్ దీవి నుంచి ముత్యపుచిప్పల కోసం సముద్రంలో మునగడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. కొడుక్కి నీళ్లంటే భయం. అందుకని షాపు పెట్టాడు. జ్ఞానప్రసూన అన్న పేరు అతని నోట తిరగలేదు. "ప్రూ" అన్నాడు. అది విని షాపుకి వచ్చేవాళ్లందరూ ప్రూ అనడం మొదలుపెట్టారు. ప్రసూన మాత్రం అతన్ని వట్టి పేరుతో పిలవలేక చివరిదాకా మిస్టర్ మనోలిస్ అనే అనేది.

చర్చిలో ఆమె ఎలియాజర్ గారి మిసెస్. వీధిలో, చీర కట్టుకుని చెయ్యి ఊపి వెళ్లిపోయే ఆవిడ. ఆ ఊళ్లో ఆమెకంటూ ఒక పేరు, ఆమె ఏదైనా చెబితే ఆగి వినే మనుషులు ఉన్నది ఆ కౌంటరు దగ్గరే.

చెక్కపెట్టె కథ ఆమె రాకముందుది. ఎనభైల మొదట్లో ఆటల పిచ్చి బాగా రేగినప్పుడు ఎవడు పడితే వాడు ఆటలు తయారుచేసి అమ్మాడట. బొమ్మ కదలనివి, మధ్యలో ఆగిపోయేవి, అట్టమీద ఒక బొమ్మ వేసి లోపల ఇంకోటి పెట్టినవి. మనోలిస్ అడిలైడ్‌లో ఒక వేలంలో పెట్టె పెట్టెగా కొనుక్కొచ్చాడు. తీసుకెళ్లినవాళ్లు ఒక్కొక్కరే తిట్టుకుంటూ తిరిగి తెచ్చారు. ఒకాయన కౌంటరు మీద విసిరికొడితే అద్దం పగిలింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ షాపులో ఆటల మాట ఎత్తినవాడు లేడు.

ఎనభై ఎనిమిదిలో ఒక జపాన్ కంపెనీ ఆటలు వచ్చాయి. బూడిదరంగు మిషను, దానిలోకి దోపే, ఆట ఉండే బూడిదరంగు కార్ట్రిడ్జిలు. ఈ కంపెనీ తన మిషనులో ఎవరి ఆట పడితే వాళ్ల ఆట ఆడనివ్వదట. తయారుచేసినవాడు ముందు తమకి పంపాలి, వాళ్లు ఆడి చూడాలి, సరిగ్గా ఉంటేనే ఆట అట్టపెట్టె మీద బంగారురంగు ముద్ర వేస్తారు. సరుకు తెచ్చిన సేల్స్ మనిషి ఇదంతా మనోలిస్‌కి చెబుతుంటే ప్రసూన పక్కనే క్యాసెట్లు తుడుస్తూ వింది. మనోలిస్ ఆవలించాడు. ఆమెకి మాత్రం అది నచ్చింది.

అలమర నిండా కొత్త ఆటలు సర్దారు. ఎవరూ ముట్టుకోలేదు. చాలా రోజుల తర్వాత కరోలిన్ ఆగి చూసింది. ఆమె భర్త ఎయిర్‌ఫోర్సులో ఉద్యోగి. మొహం నిండా మచ్చలు, వేలికి ఎప్పుడూ తిరుగుతుండే కారు తాళాల రింగు.

"మళ్లీ ఆ చెత్తేనా? నా తమ్ముడికి ఒకసారి పుట్టినరోజుకి కొనిచ్చి ఏడిపించాను. ఇంకా దెప్పుతాడు."

ప్రసూన ఒక ఆట చేతిలోకి తీసుకుంది. పెట్టె తిప్పి బంగారు ముద్ర మీద వేలు పెట్టింది. కరోలిన్ వంగి చదివింది.

"ఇది ఉంటే ఏంటి?"

"ఎవరో ఆడి చూశారు," అంది ప్రసూన. వచ్చిన ఇంగ్లీషులో అంతకన్నా చెప్పలేకపోయింది.

కరోలిన్ నవ్వింది. "నాకు అదే కావాలి. ముందు ఎవరో ఒకరు ఆడి చూడటం."

శనివారం తిరిగి ఇచ్చేటప్పుడు ఇంకోటి తీసుకుంది. ఎయిర్‌ఫోర్సు ఇళ్లల్లో మాట ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి పోవడానికి ఎంతోసేపు పట్టదు. ఆ ఏడాది వానల్లేని పొడి కాలం అయ్యేసరికి సినిమాల అలమర ఒకటి ఖాళీచేసి దానిలోనూ ఆటలే పెట్టాల్సి వచ్చింది. వచ్చినవాళ్లు ముందు ముద్ర చూసేవాళ్లు, తర్వాత ప్రసూన వైపు చూసేవాళ్లు. ఆమె తల ఊపితే తీసుకునేవాళ్లు.

డార్విన్‌లో వానలు మొదలయ్యాయంటే బూట్లల్లో బూజు, తలగడల్లో బూజు. అట్టపెట్టెలు ఉబ్బి, మెత్తబడి, నల్లమచ్చలు పడ్డాయి. కార్ట్రిడ్జిలు ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి, పెట్టెలు పారేయమన్నాడు మనోలిస్. ప్రసూనకి చేతులు రాలేదు. నర్సాపురంలో వాళ్లమ్మ ఏడాది అయిపోయిన బైబిల్ వాక్యాల క్యాలెండరు ఏనాడూ పారేసి ఎరగదు. వాక్యాలన్నీ కత్తిరించి, అన్నం మెతుకుతో తలుపుల మీద, బియ్యం డబ్బా మీద అంటించేది. మంచి మాట ఉన్న కాగితాన్ని చెత్తలో వేస్తే ఆ ఇంట్లో అందరికీ మనసు పీకేది. ప్రసూన కూడా అలాగే బంగారు ముద్రలన్నీ అంచు గుండ్రంగా కత్తిరించి, ఒక్కో ప్లాస్టిక్ డబ్బా మీద ఒక్కోటి అంటించింది. బదిలీల మీద వెళ్లిపోతూ కొన్ని ఇళ్లవాళ్లు తిరిగి ఇవ్వని ఆటలున్నాయి. వాటి పెట్టెలు షాపులోనే మిగిలాయి. ఆ ముద్రలు కూడా కత్తిరించి బిస్కెట్ డబ్బాలో దాచింది. ఎందుకు దాచావని అడిగితే చెప్పలేకపోయేది గానీ, పారేయడం మాత్రం ఆమె వల్ల కాలేదు.

"మ్యూజియం పెడతావా ప్రూ?" అని మనోలిస్ ఎగతాళి చేశాడు. కానీ డబ్బాల మీద ముద్రలు చూసి, బాగానే ఉందన్నాడు.

మరుసటి ఏడు క్రిస్మస్ వారంలో ప్రసూన పనికి రాలేదు. చర్చిలో వంటలు, పాటలు. తిరిగి వచ్చేసరికి అలమరలో కొత్త ఆటలున్నాయి. అన్నిటి మీదా బంగారు ముద్ర ఉంది. సెలవుల రద్దీ, బయట కుండపోత, వరసలో జనం. కరోలిన్ తల తుడుచుకుంటూ వచ్చి, "పిల్లలు ఇంట్లో ఇరుక్కుపోయారు, నన్ను తినేస్తున్నారు ప్రూ. కొత్తది ఏదైనా ఉందా?" అంది. ప్రసూన కొత్తవాటిలో ఒకటి తీసి ఇచ్చింది. డబ్బా తెరిచి చూడలేదు. ముద్ర చూసి తల ఊపింది.

మూడో రోజు మధ్యాహ్నం కరోలిన్ వచ్చింది. ఆ రోజు తాళాల రింగు వేలికి తిప్పలేదు. డబ్బా తెరిచి కౌంటరు మీద పెట్టింది. కార్ట్రిడ్జి మీద బొమ్మ రంగులు ఒకదానిలోకి ఒకటి కారినట్టున్నాయి. కంపెనీ పేరు లేదు.

"కాసేపు ఆడుతుంది, ఆగిపోతుంది. మళ్లీ మొదటినుంచి. రెండు రోజులు మా ఇంట్లో యుద్ధం. పక్కింటి ఏతాన్ వాళ్లది కూడా ఇంతే." ఆమె గొంతు పెంచలేదు. "ముద్ర చూడమన్నది నువ్వే కదా ప్రూ."

తడికి డబ్బామీద ముద్ర ఒక పక్క లేచి ఉంది. గుండ్రంగా కత్తిరించిన అంచు. ప్రసూన కత్తెర పని ప్రసూనకి తెలియదా. సారీ అన్న మాట కూడా నాలుక దాటలేదు. కరోలిన్ ఒక్క నిమిషం ఎదురుచూసి, వేరే ఆట ఏదీ తీసుకోకుండా వెళ్లిపోయింది.

బిస్కెట్ డబ్బా తీసి చూస్తే అడుగున రెండో మూడో ముద్రలు మిగిలాయి.

అడిగితే మనోలిస్ ఏమీ దాచలేదు. ఓడలో వంటవాడిగా పనిచేసే స్నేహితుడు ఒకడు సింగపూర్ నుంచి తెచ్చాడని, ఆటలు అవే ఆటలని, ముద్రలు ఊరికే పడి ఉన్నాయి కదా అని చెప్పాడు. "నువ్వేగా దాచిపెట్టావు," అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే ఆమె అందుకే దాచిందనుకున్నాడు.

ఇంటికొచ్చి ప్రసూన కుక్కరు పెట్టి, విజిల్ వచ్చినా స్టవ్ కట్టేయలేదు. ఎలియాజరే లేచి స్టవ్ ఆపాడు.

"ఏమైంది ప్రసూనా? షాపులో ఎవడైనా ఏమన్నా అన్నాడా?"

చెప్పింది. అంతా విని అతను, "అదేంటి, పేస్ట్ చేసింది వాడు. నీ మిస్టేక్ ఏముంది ఇందులో?" అన్నాడు.

"కట్ చేసింది నేనే కదండీ. పెట్టెకి ఉన్నదాన్ని పెట్టెకి ఉండనివ్వాల్సింది. ఊడదీసి చేతికి ఇచ్చినట్టే అయింది."

"అయితే జాబ్ మానేయ్. మా హాస్పిటల్ లాండ్రీలో అడుగుతాను నీకు. అక్కడ ఎవరితో మాట్లాడక్కర్లేదు కూడా."

"మానేస్తే ఆవిడ ఏమనుకుంటుంది? తెలిసే ఇచ్చిందనుకోదూ?"

"ఎవరావిడ? నీకు చుట్టమా, పక్కమా?"

ప్రసూన అన్నం వడ్డించింది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక హాల్లో భోజనాలు. డార్విన్‌లో తెలుగు ఇళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు గానీ స్టీలు గిన్నెలకి లోటు లేదు. అన్నీ ఒక్కలాగే ఉంటాయి. అందుకని సొంతూళ్లలో దుకాణంలో కొట్టించుకుని తెచ్చుకున్న పేర్లు గిన్నెల మీద ఉంటాయి. ఇక్కడ కొన్నవాటి మీద ఎలియాజరే పేర్లు చెక్కి ఇచ్చేవాడు. ఆసుపత్రిలో ఏ కత్తెర ఏ వార్డుదో దాని మీద చెక్కే పని అతనిదే. అలాంటి కరెంటు పెన్ను ఇంట్లో కూడా ఒకటి కొనిపెట్టుకున్నాడు.

భోజనాలయ్యాక గొడవ మొదలైంది. అమృతం ఆంటీ మూతగిన్నె మారిపోయింది. ఆవిడ కాకినాడ మనిషి, నర్సుగా చేసి రిటైరయింది. గొంతు హాలు ఈ చివరినుంచి ఆ చివరికి వినిపిస్తుంది.

"ఇది నా డిష్ కాదమ్మా. నాది హెవీ గేజ్. ఇది పట్టుకుంటే పాపం, గాలికి పోయేలా ఉంది."

"ఆంటీ, మూత మీద మీ పేరు స్టిక్కరు ఉంది కదా," అంది ఎవరో.

"స్టిక్కరుకి ఏముందే, వేడినీళ్లు పోస్తే నా మొగుడి మాటలాగా ఊడొస్తుంది. తిప్పు, వెనక్కి తిప్పు. అడుగు చూడు. పేరు అడుగున ఉండాలి. ఎలియాజరూ, నా గిన్నె అడుగున నువ్వు చెక్కావా లేదా?"

"చెక్కానాంటీ. పెద్ద అక్షరాలతో."

"మరి ఏదీ?"

చివరికి ఆ గిన్నె ఆవిడ కారు డిక్కీలోనే దొరికింది. అందరూ నవ్వారు. అమృతం ఆంటీ ఏమాత్రం తగ్గకుండా, "కారులో ఉన్నా అడుగున పేరు చూశాకే నాదని నమ్మాను," అంది. ప్రసూన నవ్వలేదు. తడి గిన్నెలు తుడుస్తూ, ఒక్కోదాన్నీ తిప్పి, అడుగున అక్షరాలని బొటనవేలితో తడుముతూ ఉండిపోయింది. చూడకపోయినా వేలికి తెలుస్తున్నాయి.

సోమవారం షాపు తెరవడానికి ముందే వెళ్లింది. వెనకగదిలో సింకు నిండా వేడినీళ్లు పట్టి, ఓడలో వచ్చిన ఆటల డబ్బాలన్నీ ముంచింది. ముద్రలు ఒక్కొక్కటే తేలాయి. కార్ట్రిడ్జిలు తీసుకెళ్లి చెక్కపెట్టెలో పాతవాటి మీద పోసింది. పెట్టె మూత సరిగ్గా పట్టలేదు. దాని మీద కూర్చుంది.

మనోలిస్ వచ్చి సగం ఖాళీ అయిన అలమర చూశాడు. సింకు చూశాడు.

"ఏంటిది ప్రూ?"

"అవి ఇవ్వను."

"షాపు ఎవరిది?"

"మీదే మిస్టర్ మనోలిస్." ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని వాటి వైపే చూస్తూ చెప్పింది. "కానీ వాళ్లు అడిగేది నన్ను. కొత్తది ఏదని నన్నే అడుగుతారు. నేను తల ఊపితే తీసుకెళ్తారు. ఇప్పుడు నేనేం చెప్పాలి?"

ఆమె అంతసేపు మాట్లాడటం అతను ఎప్పుడూ వినలేదు. కోపం వచ్చింది గానీ ఎక్కడ పెట్టాలో తెలియలేదు. "ఇప్పుడు ముద్ర ఉన్నవి కూడా ఎవరూ తీసుకోరు. నీకు అర్థమవుతోందా? ఊరంతా పాకింది. నిన్న ఒకడు అసలైనదాన్ని పట్టుకుని గోళ్లతో గీకి చూశాడు."

అది నిజమే. దొంగవాటి మీద ముద్ర కనబడ్డాక మంచివాటి మీద ముద్రకి కూడా విలువ పోయింది.

"నేను ఆడి చూస్తాను," అంది ప్రసూన.

"నువ్వా?"

"అన్నీ. ఒక్కొక్కటీ. ఆడి చూశాక కార్ట్రిడ్జి మీదే చెక్కుతాను. అంటించను."

మనోలిస్ ఆమెని ఎగాదిగా చూశాడు. చివరికి, వానలు ఆగేదాకా చూస్తానని, అప్పటికీ ఆటలు కదలకపోతే ఆ రెండు అలమరలూ సినిమాలతో నింపేస్తానని, సినిమాలకి తనొక్కడు చాలునని చెప్పాడు. ఆ చివరి మాటకి అర్థం ఏమిటో ప్రసూనకి తెలుసు.

ఇంట్లో ఎలియాజర్ చెక్కే పెన్ను ఇస్తూ, "ఏం చెక్కుతావు? షాపు పేరా?" అని అడిగాడు.

"షాపు పేరు ఎవరైనా చెక్కగలరు." ఆమె కాగితం మీద 'ప్ర' అని రాసి చూపించింది.

"తెలుగులోనా? ఎవరికి అర్థమవుతుంది?"

"అర్థం కాకపోతేనే మంచిది. ఓడలో వంటవాడికి కూడా అర్థం కాదు."

ఎలియాజర్ పకపకా నవ్వాడు. పెన్ను ఎలా వాలిస్తే ప్లాస్టిక్ కరగకుండా గీత పడుతుందో పాత సబ్బుపెట్టె మీద నేర్పాడు.

వెనకగదిలో చిన్న టీవీ ముందు, పొద్దున్నే జనం రాకముందు, ప్రసూన ఆడేది. ఆమెకి ఆట రాదు. తెరమీద గుంటల్లో పడేది, గోడలకి కొట్టుకునేది, తాబేళ్లు తగిలి చచ్చిపోయేది. ఒక కారు పందెంలో వెనక్కే నడిపి చాలాసేపు తను గెలుస్తోందనుకుంది. అయినా ప్రతిదీ మొదటి దశ దాటేదాకా, కుదిరితే ఇంకాస్త ముందుకి, పట్టు వదలకుండా ఆడింది. ఆగిపోనిదని తేలాక కార్ట్రిడ్జి తిప్పి వెనక ప్ర చెక్కేది. కంపెనీ ముద్ర ఉన్న రెండు ఆటలు కూడా ఆగిపోయాయి. తేమకి లోపల పచ్చగా చిలుం పట్టింది. వాటిని స్పిరిట్‌తో తుడిచి, మళ్లీ ఆడి, అప్పుడు చెక్కింది. జపాన్‌లో ఆడి చూసినవాళ్లకి డార్విన్ వానలు ఎలా తెలుస్తాయి అనుకుంది. వాళ్ల మీద ఆమెకి కోపం లేదు.

ఇంకో సంగతి కూడా తెలిసింది. ముద్ర ఉన్నంత మాత్రాన ఆట బాగుండాలని లేదు. కొన్ని చక్కగా, ఎక్కడా ఆగకుండా, విసుగు పుట్టించేవి.

కరోలిన్ పక్కింటి ఏతాన్ వాళ్ల నాన్న మొదట వచ్చాడు. వెనక గీత చూసి, ఇదేంటి, చైనీసా అన్నాడు. "నా పేరు," అంది ప్రసూన. ఆడి చూశావా అన్నాడు. చూశానంది. ఎంతవరకు వెళ్లావని అడిగాడు. గుంట దగ్గర చచ్చిపోయానని చెప్పింది. ఆయన పడీ పడీ నవ్వి తీసుకెళ్లాడు. ఆ తర్వాత మెల్లగా ఇంకొందరు. కౌంటరు దగ్గరికి వచ్చి, డబ్బా తెరిచి, కార్ట్రిడ్జి తిప్పి చూడటం అలవాటైంది వాళ్లకి. చెక్కని ఆట ఏదైనా అలమరలో కనబడితే, "ఇది నువ్వింకా ఆడలేదా ప్రూ?" అని అడిగేవాళ్లు. మనోలిస్ వెనకగదిలోకి ఒక కుర్చీ తెచ్చి పడేశాడు.

కరోలిన్ రాలేదు. ఒకసారి కూరగాయల సంతలో ఎదురుపడి మర్యాదగా చెయ్యి ఊపింది. ప్రసూన కూడా చెయ్యి ఊపి, చెప్పాలనుకున్నది చెప్పలేక, అక్కర్లేని బొప్పాయి కొనుక్కుని ఇంటికొచ్చింది.

వానలు ఆగాయి. గాలిలో తడి పోయింది. ఒక సాయంత్రం తలుపు గంట మోగి, ప్రసూన తలెత్తేసరికి కరోలిన్ ఆటల అలమర ముందు నిలబడి ఉంది. తాళాల రింగు వేలికి తిరుగుతోంది. ఆమె ఒక డబ్బా తీసుకుని కౌంటరు దగ్గరికి వచ్చింది.

ఇన్నాళ్లూ మనసులో కూడబలుక్కున్న మాట ప్రసూన ఒక్క గుక్కలో చెప్పేసింది. "ఆ ముద్ర పెట్టె మీదనుంచి నేనే కత్తిరించాను. ఆ ఆటకి అంటించింది నేను కాదు. కానీ చూడకుండా ఇచ్చాను."

కరోలిన్ విన్నది. అంటించింది ఎవరని అడగలేదు. లోపల మనోలిస్ ఎవరితోనో ఫోనులో గ్రీకులో అరుస్తున్నాడు. ఆమె అటు ఒకసారి చూసి, డబ్బా తెరిచి, కార్ట్రిడ్జి వెనక్కి తిప్పి, చెక్కిన అక్షరం మీద బొటనవేలు రాసింది.

"ఇదేనా అందరూ చెబుతున్నది? నువ్వు ఆడావా?"

"ఆడాను."

"ఎలా ఉంది?"

కరోలిన్ మళ్లీ వచ్చి ఒక్క ఆట తీసుకెళ్తే చాలునని వానాకాలమంతా అనుకుంది ప్రసూన. ఇప్పుడు ఆమె తీసినదానికన్నా నాసి ఆట అలమరలో లేదు.

"ఆగిపోదు," అంది. "కానీ బాగోదు. అంతా నడవడమే. పిల్లలకి విసుగొస్తుంది."

కరోలిన్ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. తర్వాత డబ్బా మూసి పక్కన పెట్టి, తాళాలు కౌంటరు మీద పడేసింది.

"సరే. అయితే బాగున్నది ఏదో నువ్వే తియ్యి."

ప్రసూన పెట్టె మీదనుంచి లేచి అలమర దగ్గరికి వెళ్లింది.